వెండి అంచు టోపీ

కేగెన్ కొండల మీద, చలికాలపు మకాం
సెప్టెంబరు

మేనల్లుడు కువాండిక్‌కి,

మీ మామ ఎసిర్కెప్ రాస్తున్నాడు. బస్సు నడిపే తొఖ్తార్ చేత నువ్వు పంపించిన వేట బూట్లు అందాయి. వేసుకుని పెరట్లో నాలుగడుగులు వేశాను. లోపల పొయ్యి దగ్గర ఉన్న మీ అత్త బాల్జాన్, "ఎవరా తలుపు కిర్రుమనిపించేది? లోపలికొస్తే రా, పోతే పో!" అని కసిరింది. తలుపు కాదే, మన అల్లుడు పంపిన బూట్లే అన్నాను. కొండ అవతల నక్క కూడా వినే ఉంటుంది. నవ్వుకునీ ఉంటుంది.

వాటిని వృథా చెయ్యలేదులే, బెంగపడకు. ఒక బూటులో మీ అత్త ఉల్లిపాయలు పోసుకుంది. రెండోదాంట్లో పిల్లి ఈనింది. పిల్లి మటుకు సరుకు బాగుందనే అంటోంది. నా కాళ్ళకి మీ అత్త కుట్టిన గుర్రపుతోలు జోళ్ళు, లోపల గొర్రె ఉన్ని, ఇవి చాలు.

నీ వేట సామాను కొట్లో రేట్లు తొఖ్తార్ చెప్పాడు. నేను నమ్మలేదు, ఒట్టు పెట్టించుకున్నాను. ఒరేయ్, వేట వచ్చినవాడికి సామాను అక్కర్లేదు, వేట రానివాడికి ఎంత సామానూ చాలదు. డబ్బెక్కువ పోస్తే సరుకు మంచిదైపోతుందనుకునే వెర్రిబాగులవాళ్ళు దొరికినన్నాళ్ళూ నీకు లోటు లేదు. పట్నంవాళ్ళకి టోపీలు పెట్టుకుని బతుకు, ఎవరొద్దన్నారు? నాకు మాత్రం పంపకు.

ఇంకో సంగతి. నా డేగ షెగిర్‌కి నా దగ్గర ఇదే ఆఖరి చలికాలం. పదేళ్ళు నా చేతి మీద బతికింది, నా ఇంటికి మాంసం తెచ్చింది. మంచు కరగగానే దాన్ని పై కొండకి తీసుకెళ్ళి, ఓ గొర్రెని కోసి ముందు పెట్టి, వదిలేసి వచ్చేస్తాను. వెనక్కి తిరిగి చూడకుండా రావాలంటారు. చూస్తానేమో, చెప్పలేను. ఇంకా వయసుంది దానికి, జోడు కట్టి పిల్లల్ని పెడుతుంది. ఆ బంగారు కళ్ళతో కొండంతా చూసుకుంటూ బతుకుతుంది.

రాత వంకరగా ఉంటే తిట్టుకోకు. కాలిన నా అరచేతుల సంగతి నీకు తెలుసుగా, కలం పట్టు చిక్కదు. మీ అమ్మ రైగుల్‌ని అడిగానని చెప్పు. మొహం తిప్పుకుంటుందని తెలుసు. అయినా చెప్పు.

మీ మామ
ఎసిర్కెప్


అల్మాటీ
అక్టోబరు

మామయ్యకి సలాం.

పిల్లికి పనికొచ్చాయన్నమాట, సంతోషం. ఆ బూట్ల కోసం ఇక్కడ జనం పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్నారు.

నువ్వు నవ్వుతావు. నువ్వు నవ్వినప్పుడల్లా నా ఒళ్ళు మండుతుంది. ఇన్నాళ్ళూ మేనమామవి కదా అని ఊరుకున్నాను. ఇవాళ రాస్తున్నాను. నా కొట్లో చవక సరుకు ఎందుకుండదో నీకు తెలియదా? మా నాన్న ఎలా పోయాడో మర్చిపోయావా? పిల్లగా ఉన్న షెగిర్‌ని గూట్లోంచి తియ్యడానికి లోయలోకి దిగాడు. అమ్మ పట్నం నుంచి, తన చెవిపోగులు అమ్మి మరీ, కొట్లో అన్నిటికన్నా ఖరీదైన తాడు కొనితెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆ తాడు జీనుకే వేలాడుతూ ఉండిపోయింది. నువ్వు పేనిన తోలుతాడు కట్టుకుని దిగాడు, ఎందుకంటే బావగారు నవ్వుతారు కదా! అది తెగింది. తెగిన కొస నడుముకి కట్టుకునే ఇంటికొచ్చాడు, నీ గుర్రం మీద అడ్డంగా. నాకప్పుడు పదిహేనేళ్ళు. చవక అంటే ఏమిటో ఆ రోజు తెలుసుకున్నాను. నువ్వు ఈ రోజుకీ తెలుసుకోలేదు.

అమ్మ ఆ రోజు నుంచి నీ గడప తొక్కలేదు, నిన్ను తన గడప తొక్కనివ్వలేదు. తప్పంటావా?

సరే, పనిలోకి వస్తాను. మేనల్లుడు మూడుసార్లు ఏది కోరినా మేనమామ కాదనకూడదు, ఇది మన తాతలనాటి మాట. రెండుసార్లు అడిగాను. మూడోది ఇప్పుడు అడుగుతున్నాను. షెగిర్‌ని ఇవ్వు. దాన్ని కొండకి వదిలే హక్కు నీకు లేదు మామయ్యా. అది మా నాన్న ప్రాణం ఖరీదుకి వచ్చిన పక్షి.

సాపార్‌గలి గారని ఒక పెద్దమనిషి ఉన్నాడు, గుర్రాల దాణా వ్యాపారం. ఫిబ్రవరిలో డేగల పోటీకి పేరున్న డేగ కావాలంటున్నాడు. నా కొట్టు సామాను తొడిగి షెగిర్‌ని పోటీలో నిలబెడతాను. నీ చింకి తోలుముక్కలతో అది ఇంత వేటాడితే, అసలైన సామాను వేస్తే ఎలా ఉంటుందో అందరూ చూస్తారు. నువ్వూ వచ్చి చూడు.

కువాండిక్


చలికాలపు మకాం
నవంబరు

అల్లుడా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మీ అత్త చదివించుకుని వింది. "ఇవ్వకండి" అంది. ఇవ్వకపోతే నేను మేనమామని కాదు. అడగకూడనిది అడిగినా నువ్వు మేనల్లుడివే. అదీ మన బతుకు.

నీ మొదటి కోరిక గుర్తుందా? సున్నతి అయిన రోజు గుర్రప్పిల్లని అడిగావు. ఇచ్చాను, నెల తిరక్కుండా సైకిల్ కోసం అమ్మేశావు. రెండోది నా వేటకుక్క. గాలిని దాటి పరిగెత్తే కుక్కని మూడో అంతస్తు వరండాలో గొలుసుతో కట్టావు. వెన్ను వంగిపోయి చచ్చింది. ఇప్పుడు మూడోది. నీ చెయ్యి పడితే ఏదీ మిగలదు, అయినా ఇస్తున్నాను.

మీ నాన్న మాట ఎత్తావు. ఆ మాటకి నేను జవాబు రాయను. మళ్ళీ ఎత్తకు.

షెగిర్‌ని తొఖ్తార్ బస్సులో పంపుతున్నాను. దారిలో గాలి తగలకుండా నా కంబళి చుట్టాను. చెప్పేది బుర్రకెక్కించుకో. మాంసం నీళ్ళలో పిండి, ఎర్రదనం పోయాక పెట్టు. అడ్డ కొయ్య మీద కూర్చున్నప్పుడు వెనకనుంచి పోకు. మాట్లాడుతూ దగ్గరికి వెళ్ళు, నా గొంతు లేకపోయినా ఏదో ఒక గొంతు దానికి వినబడాలి.

ఇక ముఖ్యమైనది. దాని నెత్తిమీద ఉన్న, కళ్ళు కప్పే గంతల టోపీ మార్చకు. నల్లబడిపోయింది, అతుకులున్నాయి, నీ కొట్లో పెడితే ఈగలు కూడా వాలవు. ఉండనీ. డేగ తలలు మన తలల్లాగే ఒకదానికొకటి పోలవు. దాని తల కొలిచి చెక్కతో అదే తలని చెక్కి, తడి తోలు దానిమీద సాగదీసి కుట్టాను. ఒక కన్ను దగ్గర గింజంత ఎత్తు ఎక్కువ, ఆ కన్ను కొంచెం ముందుకుంటుంది కాబట్టి. అది నీకు కనబడదు. దానికి తెలుసు.

మీ అత్త రెండు రోజులనుంచి నాతో మాట్లాడ్డం లేదు.

ఎసిర్కెప్


అల్మాటీ
డిసెంబరు

మామయ్యకి,

షెగిర్ క్షేమంగా చేరింది. ఏం పక్షి మామయ్యా! సాపార్‌గలి గారు చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "ఇది పక్షి కాదు, రాణి" అన్నాడు. వెంటనే దాని నెత్తిమీద టోపీ చూసి, "రాణికి ఈ గుడ్డపీలిక ఏమిటయ్యా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళంతా పళ్ళికిలించారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అదే గంటలో మార్చేశాను. మా కొట్లో అన్నిటికంటే ఖరీదైన టోపీ పెట్టాను. దూడతోలు, చుట్టూ వెండి అంచు, పైన గుడ్లగూబ ఈకల కుచ్చు. పరదేశంలో చేయించిన సరుకు. దాని ఖరీదుకి నీ ఊళ్ళో పాడి ఆవొస్తుంది. పెద్ద సైజు, చిన్న సైజు అని రెండే వస్తాయి, పెద్దది సరిపోయింది. కొంచెం వదులు అనిపించి తోలువారు బిగించాను. వెండి చెవి రింగులు పెట్టుకున్న పెళ్ళికూతురిలా ఉంది.

రోజూ పొద్దున్న దాన్ని కొట్లో వీధివైపు అద్దం పక్కన అడ్డ మీద కూర్చోబెడుతున్నాను. కొనడానికి వచ్చినవాళ్ళే కాదు, రోడ్డున పోయేవాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు. అది కూర్చున్న దగ్గర్నుంచి అలాంటి టోపీలు ఎన్ని అమ్ముడయ్యాయో! మధ్యాహ్నం అన్నం తెచ్చిన అమ్మ కూడా చూసింది. చాలాసేపు చూసింది.

నువ్వు చెప్పినట్టే మాట్లాడుతూ వెళ్తున్నాను. సంతోషమేనా?

కువాండిక్


చలికాలపు మకాం
డిసెంబరు

ఒరేయ్ బుద్ధిలేనివాడా,

తియ్యి దాన్ని. ఈ ఉత్తరం అందిన చోటే, నిలబడ్డ కాళ్ళమీదే, వెళ్ళి తియ్యి.

పెద్ద సైజు, చిన్న సైజా! నీ తలకి కూడా కొట్లో రెండు సైజులే ఉన్నాయనుకుంటా, దేవుడు చిన్నది పెట్టాడు. వెండి అంచు కుట్టాలంటే లోపల వైపు మేకులు మడవాలి రా. ఆ మడతలు ఎక్కడ తగులుతాయి? తోలు బిరుసుగా ఉంటే రెప్ప దగ్గర ఎలా ఒంగుతుంది? నువ్వు వదులుగా ఉందనుకున్నావు కదా, అది వదులు కాదు. దాని కళ్ళకి లోపల చోటు లేక టోపీ పైకి లేచింది. పైకి లేచినదాన్ని తోలువారు పట్టి బిగించావు. నీ కళ్ళకి ఎవరైనా గుండీలున్న గుడ్డ అడ్డంగా కట్టి లాగితే తెలుస్తుంది.

పైగా పగలంతా గంతలతో కూర్చోబెడతావా? వేటకి తీసుకెళ్ళేటప్పుడు, కొత్త మనుషులొచ్చినప్పుడు పెట్టేది అది. మిగతా వేళల్లో డేగ చూడాలి. చూడ్డమే దాని బతుకు.

కోపంలో తిట్టాను, ఇప్పుడు బతిమాలుతున్నాను. నేను నిన్నెప్పుడూ బతిమాల్లేదు. పాత టోపీ పెట్టు. అది గుడ్డపీలిక కాదు. మీ నాన్న ఒమర్తాయ్ ఆఖరిరోజు వేసుకున్న బూటు గొట్టం కోసి, ఆ తోలుతో కుట్టాను. ఆ పక్షిని పట్టుకొచ్చిన మనిషి బూటు తోలు దాని నెత్తిమీద ఉండాలనుకున్నాను. అందుకే నీకు పంపేటప్పుడు విప్పలేదు.

ఎసిర్కెప్


అల్మాటీ
జనవరి

మామయ్యకి,

ఖరీదైనదేదైనా నీ కంట్లో పడితే దాంట్లో తప్పు వెతక్కుండా ఉండలేవు. ఇక్కడ వెండి టోపీ పెట్టుకున్న డేగలు ఎన్నో ఉన్నాయి, దేనికీ ఏమీ కాలేదు.

మొదట్లో తల విదిలించేది. ఇప్పుడు మానేసింది, అలవాటు పడింది. కళ్ళలోంచి కాస్త నీరు కారుతోంది. పట్నం పొగకి మాకు కూడా కారుతుంది. పశువుల డాక్టరు మందు చుక్కలు ఇచ్చాడు, మంచి కంపెనీవి, చవకవి కావు. తిండి తగ్గింది. పోటీకి ముందు తిండి తగ్గాలని నువ్వే కదా అనేవాడివి?

ఆ పాత టోపీ నాన్న బూటుదని ముందే చెప్పాలి కదా. ఎక్కడో ఉంటుంది, చూస్తాను. కొట్టు శుభ్రం చేసే ఆవిడ చాలా సామాను పారేసింది.

సాపార్‌గలి గారు పోటీకి కొత్త కోటు కుట్టించుకుంటున్నాడు, నక్కతోళ్ళతో. నక్కల్ని బజార్లో కొన్నాం అనుకో. పోటీ అయ్యాక షెగిర్ ఆయనది. నేను మాటిచ్చేశాను.

కువాండిక్


చలికాలపు మకాం
జనవరి

అల్లుడా,

నీరు కారుతోందా? ఏ రంగు? పల్చగా ఉందా, చిక్కగా ఉందా? వేలు ఊపితే తల తిప్పుతోందా లేదా? ఈ మాటలకి జవాబు రాయి, ఇంకేమీ రాయక్కర్లేదు.

చిక్కటి టీ కాచి, చల్లార్చి, శుభ్రమైన ఉన్నితో కళ్ళు తుడువు. చీకటి గదిలో ఉంచు. టోపీ వద్దు, పాతది కూడా వద్దు. తల విదిలించడం మానేసిందంటే అలవాటు పడ్డం కాదు రా నాయనా. ఇక లాభం లేదని ఊరుకుంది.

పోటీ మాట మర్చిపో. నీ మూడో కోరిక తీర్చాను, నేనొక్కటి అడుగుతున్నాను. ఇవ్వాలని రూలేమీ లేదు. మామలు అడగడం మన వంశంలో లేదు కూడా.

ఎసిర్కెప్


అల్మాటీ
ఫిబ్రవరి

మామయ్యకి,

పోటీ అయిపోయింది. షెగిర్‌కి ప్రైజు రాలేదు. కాస్త అలసటగా ఉంది, అంతే. జనం ఎక్కువ, మైకుల గోల, మంచు మీద ఎండ. మన సామానుకి మాత్రం మంచి పేరొచ్చింది, పేపరువాళ్ళు టోపీని ఫోటో తీసుకున్నారు.

సాపార్‌గలి గారు ఇంకో డేగని చూసుకుంటున్నాడు. పెద్దవాళ్ళ మనసు మారుతుంటుంది.

పని ఒత్తిడి. తర్వాత వివరంగా రాస్తాను.

కువాండిక్


చలికాలపు మకాం
ఫిబ్రవరి ఆఖరు

కువాండిక్,

అలసటా?

తొఖ్తార్ పోటీ చూడ్డానికి వెళ్ళాడు. నా పక్షి ఉందని వెళ్ళాడు పాపం, గర్వంగా. తిరిగొచ్చి నా వాకిట్లో బస్సు ఆపి, దిగకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఏమైందిరా అని నేను తలుపు తీస్తే ఏడ్చాడు.

నువ్వు టోపీ తీశావట. షెగిర్ కదల్లేదట. నక్కని వదిలారు, అందరూ అరిచారు, అది తల ఇటూ అటూ తిప్పింది. నువ్వు చెయ్యి విదిలించి గాల్లోకి తోశావు. అది మైకు మోగుతున్న వైపు ఎగిరిందట. నక్క అవతల వైపు పోతుంటే, ఇది చప్పుడు పట్టుకుని వెళ్ళి మైకు కట్టిన ఇనుప స్తంభానికి కొట్టుకుందట. పడి, లేచి, మళ్ళీ అదే స్తంభానికి కొట్టుకుందట. జనం నవ్వారు. నీ సాపార్‌గలి, "రాణి కాదు, కోడి!" అన్నాడట. నువ్వూ నవ్వావని తొఖ్తార్ చెప్పాడు. అది మటుకు నేను నమ్మదలుచుకోలేదు.

రెండు కళ్ళూ తెల్లగా, ఉడికిన గుడ్డులా ఉన్నాయట.

కొండమీద రెండు వంపుల అవతల కుందేలు చెవి కదిలితే చూసేది అది. ఈ వసంతంలో వదిలేవాణ్ణి. ఎక్కడ వదలాలో కూడా చూసిపెట్టుకున్నాను, ఎండ పడే బండ, కింద వాగు. ఇప్పుడు వదిలితే ఏ రాతికి కొట్టుకుని చస్తుంది? కొడుకులు లేనివాణ్ణి, నాకున్నది అదొక్కటే.

తిట్టను. తిట్టడానికి ఓపిక లేదు. దాన్ని నాకు పంపించెయ్యి. కళ్ళు లేకపోతే ఏం, నా గొంతు తెలుసు దానికి. నా చేత్తో తినిపిస్తాను, పొయ్యి పక్కన కూర్చుంటుంది. మీ అత్త దాని అడ్డకి కొత్త ఉన్నిగుడ్డ చుట్టి పెట్టింది. నేనే వచ్చి తెచ్చుకునేవాణ్ణి. మీ అమ్మ బతికుండగా ఆమె కంటపడనని మీ నాన్న పాడె దగ్గర మాటిచ్చాను. ఆ మాట తప్పలేను.

తొఖ్తార్ వచ్చే గురువారం నీ కొట్టు ముందు ఆగుతాడు. నా కంబళి వాడి దగ్గరే ఉంది.

ఎసిర్కెప్


అల్మాటీ
మార్చి

మామయ్యకి,

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

నీ ఉత్తరం వచ్చేసరికే అయిపోయింది. తొఖ్తార్‌ని ఖాళీ కంబళితో పంపినందుకు నాకూ బాధగానే ఉంది. కానీ ఆలోచించు. కళ్ళులేని డేగని ఎవరు మేపుతారు? నువ్వు ముసలాడివి, నీ తర్వాత? అత్త మేపుతుందా? నొప్పి తెలియకుండానే చేశారు. సూది ఒక్కటే. పట్నంలో అందరికంటే పేరున్న వాడికే ఇచ్చాను, తోలులో గడ్డి కూరి బొమ్మ చేసేవాడికి. మంత్రుల ఇళ్ళల్లో తోడేళ్ళన్నీ వాడు చేసినవే. చవకవాడి దగ్గరికి తీసుకెళ్ళలేదు.

ఇప్పుడు షెగిర్ కొట్లో అద్దం వెనక, రెక్కలు విప్పుకుని నిలబడి ఉంది. చచ్చినా పేరు చావలేదు. నిజం చెప్పాలంటే బతికున్నప్పటికన్నా ఇప్పుడే బాగుంది. గాజు కళ్ళు పెడతానన్నాడు, వద్దన్నాను, ఎలాగూ టోపీ ఉంటుంది కదా. ఆ వెండి అంచు టోపీనే పెట్టాం. నీ మాట నిజమే మామయ్యా, ఒప్పుకుంటున్నాను, అది దాని తలకి సరిపోలేదు. ఆ బొమ్మలవాడు కూడా అదే అన్నాడు. అందుకని లోపలి చెక్క తలని టోపీకి తగినట్టు అరగదీశాడు. ఇప్పుడు అచ్చు గుద్దినట్టు సరిపోయింది. వెంట్రుక దూరే సందు లేదు.

దాన్ని చూసి కొనేవాళ్ళు పెరిగారు. టోపీల రేటు పెంచాను, అయినా కొంటున్నారు. పెంచాక ఇంకా ఎక్కువ కొంటున్నారు. నువ్వు నవ్వుతావు కానీ, ఇదే జవాబు నీకు.

ఇంకో మాట. కొందరు అడుగుతున్నారు, అసలైన పాతకాలపు కొండ సామాను ఏమైనా ఉందా అని. నీ చెక్క తలలు, తోలువార్లు, చేతి తొడుగులు, అటకమీద ఏమున్నా పంపు. నీ పేరు రాసి పెడతాను, మంచి రేటు పలుకుతుంది. నా కోరికలు మూడూ అయిపోయాయని తెలుసు. ఇది కోరిక కాదు, వ్యాపారం. నీ వాటా నీకు పంపుతాను.

అమ్మ రోజూ అన్నం తెచ్చినప్పుడు షెగిర్ ముందు కాసేపు కూర్చుంటోంది. "మీ నాన్నని చంపిన తాడు కూడా ఇలాగే అద్దం వెనక పెట్టాలిరా, చవక సరుకు ఏం చేస్తుందో జనం చూస్తారు" అంది. అమ్మ సరదాకి అనే మనిషి కాదు.

కువాండిక్


చలికాలపు మకాం
ఏప్రిల్

కువాండిక్‌కి,

మంచు కరిగింది. నేను ఆ బండ దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. గొర్రెని కోసి పెట్టి వచ్చాను. ఎవరు తిన్నారో చూడలేదు.

సామాను అడిగావు. పంపుతున్నాను. మీ అమ్మ కూడా అడిగింది కదా, మీ నాన్నని చంపిన తాడు, అద్దం వెనక పెట్టడానికి. తొఖ్తార్ ఇచ్చే గోనెసంచిలో అదే ఉంది. విప్పి చూడు. ఎర్రటి తాడు, మధ్యలో నీలం పోగు. తోలుతాడు కాదేమిటని తెల్లబోకు. సంచి మారలేదు.

ఆ రోజు జీనుకి వేలాడింది నా తోలుతాడు. మీ నాన్న కట్టుకుంది మీ అమ్మ కొనిచ్చిన ఇదే తాడు. నేను వద్దన్నాను. కొత్తది, నున్నగా ఉంది, మంచు తగిలిన రాతిమీద నిలవదన్నాను. "చెవిపోగులు అమ్మి ముచ్చటపడి కొన్నది బావా, వాడలేదంటే రైగుల్ చిన్నబుచ్చుకుంటుంది" అన్నాడు. నవ్వాడు. మంచివాడు మీ నాన్న, నీ పోలిక ఒక్కటీ లేదు. డేగపిల్లని సంచిలో పెట్టి ముందు పైకి పంపాడు. తర్వాత తాను ఎక్కుతుంటే కాలు తప్పింది. నేను రాతికి తాడు చుట్టి పట్టుకునే ఉన్నాను. రాతిమీద జారింది, నా చేతుల్లోంచి జారింది. నా చర్మం ఊడి తాడుకి అంటుకుంది, అయినా ఆగలేదు. కొసదాకా జారి అతని వెనకే పోయింది.

తాడు తెగితే అరచేతులు కాలతాయా రా? తెగితే కొస తేలిగ్గా చేతిలో మిగిలిపోతుంది. ఈ చిన్న విషయం వేట సామాను అమ్ముకునే నీకు పదేళ్ళలో ఒక్కసారి తట్టలేదు.

లోయలోకి చుట్టూ తిరిగి దిగాను. అప్పటికే పోయాడు. అక్కడ కూర్చుంటే మీ అమ్మ మొహం కనబడింది. తను కొన్న తాడే మొగుణ్ణి చంపిందని తెలిస్తే బతకదు. నాకు ఒక్కతే చెల్లెలు. అందుకని నా తోలుతాడుని నేనే కత్తితో కోసి, పీకి, తెగినట్టు చేసి, ఆ కొస మీ నాన్న నడుముకి కట్టాను. ఆమె తాడు జీనుకి వేలాడదీశాను. ఇంటికొచ్చాను. ఆమె నా మొహాన ఉమ్మింది. తుడుచుకున్నాను. బాల్జాన్‌కి తప్ప ఈ సంగతి ఇవాళ్టిదాకా ఎవరికీ తెలియదు.

నీకు కూడా చెప్పేవాణ్ణి కాదు, షెగిర్‌ని పంపించి ఉంటే.

తాడు బాగా చూసుకో. ఒక్క పోగు తెగలేదు, రంగు కూడా పోలేదు. మంచి సరుకు, అబద్ధం చెప్పను, పెట్టిన డబ్బుకి పడవ కట్టుకుంటే వందేళ్ళుంటుంది. ఒకచోట గోధుమరంగు మరక ఉంటుంది, అది నాది.

కొట్లో షెగిర్ పక్కనే వేలాడదియ్యి. రేటు నీ ఇష్టం. మధ్యాహ్నం మీ అమ్మ అన్నం గిన్నె పట్టుకుని వస్తుంది, చూస్తుంది. చూడగానే గుర్తుపడుతుంది. "ఇది నేను మీ నాన్నకి కొన్న తాడు కదా, చంపిన తాడు పంపమంటే ఇదెందుకు పంపాడు మీ మామ?" అని అడుగుతుంది.

ఏం చెప్తావో ఇప్పట్నించే ఆలోచించుకో. ఆ అబద్ధం నేను పదేళ్ళు మోశాను, ఇక నీ వంతు.

ఎసిర్కెప్